ఉసిళ్ల కాపురం నేల కింద

మిర్గం, అంటే మృగశిర కార్తె, పెట్టాక మొదటి గట్టి వాన పడిన సాయంత్రం షోలాపూర్ పూర్వ భాగ్‌లో ట్యూబులైటు కింద కూర్చోవడం కష్టం. దాజీ పేట, సాఖర్ పేట, భవానీ పేట గల్లీల్లో సాంచాలు, అంటే మర మగ్గాలు, రాత్రి షిఫ్టులోనూ ఆడుతుంటాయి. ఉక్కకు తలుపులు బార్లా తీసి ఉంటాయి. చీకటి పడీ పడగానే ఉసిళ్లు దీపం చుట్టూ ముసురుతాయి. పడుగు మీద, మడత పెట్టిన టవళ్ల మీద, పక్కింట్లో బీడీల చాటలో రాలతాయి. "బత్తి బంద్ చెయ్ బిడ్డా, గంగాళంలో నీళ్లు పెట్టు" అని అవ్వ లోపలి నుంచి కేకేస్తుంది. నీళ్లలో కనబడే వెలుగుకు ఆశపడి సగం అందులోనే పడతాయి. తెల్లారి ఊడిస్తే చేటెడు రెక్కలు.

ఉసిళ్లంటే రెక్కలు వచ్చిన చెదలే, ఈ ఎగురుడును చెదల పెళ్లి అంటారు. జంతుశాస్త్రం పుస్తకాలు కూడా దీనికి పెళ్లి పేరే పెట్టాయి. నిజానికి ఆ గాలిలో జత కట్టడం ఏమీ జరగదు. తేనెటీగల రాణి సంగతి వేరు. ఆమె గాలిలోనే పది పన్నెండు మగ ఈగలతో కలుస్తుంది, ఆ వీర్యాన్ని దాచుకుని ఏళ్ల తరబడి గుడ్లు పెడుతుంది. ఆమెతో కలిసిన మగ ఈగ అవయవం తెగి అక్కడికక్కడే చస్తుంది. చీమల మగవాటిదీ దాదాపు అదే గతి. ఉసిళ్లకు గాలి ప్రయాణం పుట్టిల్లు వదిలి దూరం పోవడానికే. రెక్కలు రాలాక, నేల కింద, పగలన్నది తెలియని గదిలో వాటి కాపురం మొదలవుతుంది. అందులో మగది చచ్చిపోదు. రాణి పక్కనే ఏళ్ల తరబడి రాజుగా ఉంటుంది. ఆ రాజు శరీరంలో జరిగిన మార్పు కీటకాల లోకంలోనే విచిత్రమైనది. ఒక్క జతతోనే జీవితం గడిపే ఈ పద్ధతి మగవాడి సంపర్క అవయవాన్నీ, శుక్రకణాల తోకనూ రెంటినీ ఊడబెరికింది.

చెదలు నేతగాళ్లకు కొత్తవి కావు. కరీంనగర్, నల్లగొండ, మహబూబ్‌నగర్, వరంగల్ వైపు నుంచి తరతరాలుగా ఇక్కడికి వచ్చిన పద్మశాలీల పాత ఇళ్లలో గుంట మగ్గం ఉండేది. నేయడానికి కాళ్లు పెట్టే గుంట నేలలోకే తవ్వాలి, మగ్గం గుంజలు నేలలోకే పాతాలి. పైన మట్టి మిద్దె, దాని కింద కట్టె దూలాలు. గంజి పెట్టిన నూలు ఇంటి నిండా. పత్తి నూలులో నూటికి తొంభై వంతుల దాకా సెల్యులోజే, చెదలకు కావలసింది కూడా అదే. ఇంతకంటే సిద్ధంగా వడ్డించిన విస్తరి వాటికి మరొకటి దొరకదు. ఇప్పుడు మర మగ్గాలు ఇనుపవి, నేల సిమెంటు. అయినా తలుపు చట్రాల్లో, గోడవారగా పేర్చిన నూలు బస్తాల వెనక మట్టి బాటలు కనిపిస్తూనే ఉంటాయి.

రాలిన ఉసిళ్లలో రెండింటిని ఒక తెల్ల గుడ్డ మీద వేసి భూతద్దంతో చూడండి. మొదట రెక్కలు. నాలుగూ ఒకే పొడవు. చీమ రెక్కల్లో ముందువి పెద్దవి, వెనకవి చిన్నవి. ఉసిలి రెక్క మొదట్లో ఒక సన్నని గీత పుట్టుకతోనే ఉంటుంది. పురుగు నేల మీద దిగి ఒంటిని కాస్త విదిలిస్తే ఆ గీత దగ్గర రెక్క విరిగిపోతుంది, నాలుగు చిన్న మోడులు మాత్రం మిగులుతాయి. రెక్క ఊడడం దానికి నష్టం కాదు, ముందే రాసిపెట్టుకున్న ఏర్పాటు.

తర్వాత పురుగును వెల్లకిలా తిప్పి పొట్ట చివర చూడాలి. ఆడా మగా తేడా తెలిసేది అక్కడే. ఆడదానిలో ఏడో ఖండం కింది పలక వెడల్పుగా పెరిగి దాని వెనక ఉన్నవాటిని కప్పేస్తుంది. ఒక మూతలా ఉండే ఈ పలక కింద జననాంగాల గది ఉంటుంది. మగదానిలో ఏడో పలక మామూలుగానే ఉంటుంది, ఎనిమిది తొమ్మిది పలకలు విడివిడిగా కనబడతాయి. తొమ్మిదో దాని చివర రెండు చిన్న ముళ్ల లాంటి పొడుచుకొచ్చిన భాగాలు కూడా ఉంటాయి. బయటికి కనబడే తేడా అంతే. ఇంతకు మించి మగతనాన్ని చాటే గుర్తు మగ ఉసిలికి బయట ఎక్కడా లేదు.

రెక్కలు రాల్చుకున్న ఆడది ఒకచోట ఆగి పొట్ట పైకెత్తుతుంది. ఒంటి మీది గ్రంథుల నుంచి ఫెరోమోన్ వాసన వదులుతుంది. పుట్టగొడుగుల తోట పెంచే కొన్ని చెదల జాతుల్లో ఆడది మగదాన్ని పిలిచే రసాయనమూ, పనివాళ్లు తిండి దారికి గుర్తుగా నేల మీద రాసే రసాయనమూ ఒక్కటే. ఇంట్లో దారి చూపడానికీ, తోడును పిలవడానికీ అవే అణువులు పనికొస్తున్నాయన్నమాట. మగది దగ్గరికి రాగానే ఆడది నడక మొదలుపెడుతుంది. మగది తన మీసాలతో ఆమె పొట్ట చివరను తాకుతూ వెంటే నడుస్తుంది. సాంచాల షెడ్డు గడప దగ్గర వానాకాలంలో రాత్రి తొమ్మిదింటికి చూస్తే రెండేసి పురుగులు ముందొకటి వెనకొకటి తిరుగుతూ కనబడతాయి. ముందున్నది ఎక్కువగా ఆడదే.

మధ్యలో కాలు తగిలి జత విడిపోయిందనుకోండి. జపాన్ పరిశోధకుడు నోబువాకి మిజుమోతో, తన సహచరుడితో కలిసి రెండు జాతుల చెదల నడకను కొలిచి 2019లో ఒక సంగతి చెప్పారు. తోడు తప్పిపోయిన వెంటనే ఆడది ఆగి ఆగి నడుస్తుంది, మగది మాత్రం వేగం పెంచి అటూ ఇటూ వెతుకుతుంది. ఇద్దరూ వెతికినా దొరకడం ఆలస్యమవుతుంది, ఇద్దరూ నిలబడినా అంతే. ఒకరు నిలబడి ఒకరు తిరిగితే దొరికే అవకాశం పెరుగుతుంది. జాతరలో పిల్లవాడు తప్పిపోతే మనం చెప్పే బుద్ధే ఇది. 2024లో అదే మిజుమోతో బృందం బాల్టిక్ ప్రాంతపు అంబర్‌లో చిక్కుకున్న ఒక చెదల జంటను వివరించింది. దాని వయసు దాదాపు 3 కోట్ల 80 లక్షల ఏళ్లు. అప్పటికే ఉసిళ్లు ఇలా జంటగా నడుస్తున్నాయి.

నడిచి నడిచి జంట ఒక తడి మట్టి పగులు చూసుకుని తవ్వుతుంది. లోపల చిన్న గది చేసుకుని పైనుంచి మూసేస్తుంది. ఈ దశకు చేరేవి చాలా తక్కువ. కాకులు, బల్లులు, కప్పలు, గబ్బిలాలు, చీమలు, ఉసిళ్లను వేయించి పేలాలతో కలుపుకు తినే మనవాళ్లు కూడా వాటి పాలిట యముళ్లే. మిగిలిన జంట ఆ గదిలో ఏమీ తినదు. ఇక పనికిరాని రెక్కల కండరాలు వాటి ఒంట్లోనే కరిగి తొలి పిల్లలకు పోషణ అవుతాయి. సంపర్కం ఈ గదిలోనే.

ఆ సంపర్కంలో చూడ్డానికి విశేషం ఏమీ లేదు. రెండూ ఎదురెదురు దిక్కులకు తలలు పెట్టి, పొట్ట చివరలను ఒకదానికొకటి ఆనిస్తాయి. ఆడదాని మూత పలక కొద్దిగా దిగుతుంది. మగదాని తొమ్మిదో పలక వెనక ఒక చిన్న రంధ్రం ఉంది. లోపల రెండు ముష్కాలు, వాటి నాళాలు, వీర్యం నిలవ ఉండే సంచులు అన్నీ సక్రమంగానే ఉన్నాయి. బయటికి పొడుచుకు రావలసినది మాత్రం లేదు. ఆస్ట్రేలియా ఉత్తర భాగంలో ఉండే మాస్టోటెర్మిస్ డార్వినియెన్సిస్ అనే పాత వంశం లాంటి ఒకటి రెండు మినహాయింపులు తప్పిస్తే చెదల్లో మగవాటికి సంపర్క అవయవం లేదనే చెప్పాలి. రంధ్రాన్ని రంధ్రానికి ఆనించి ద్రవం జారవిడవడమే.

దీని వింత అర్థం కావాలంటే వంటింటి బొద్దింకను చూడాలి. చెదలు చీమల చుట్టాలు కావు, బొద్దింకల చుట్టాలు. 2007లో లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియం శాస్త్రవేత్తలు డీఎన్‌ఏ చూసి, చెదలకు విడిగా ఒక క్రమం అక్కర్లేదని, వాటిని బొద్దింకల క్రమంలోనే కలపాలని వాదించారు. ఇప్పుడు అదే చెల్లుబాటు. కుళ్లిన కట్టె తింటూ కుటుంబంగా బతికే క్రిప్టోసెర్కస్ అనే బొద్దింక వాటికి అందరికంటే దగ్గరి బంధువు. మగ బొద్దింక పొట్ట చివర కుడీ ఎడమా ఒకేలా లేని కొక్కేలు, పలకలు గజిబిజిగా ఉంటాయి. వాటితో ఆడదాన్ని పట్టుకుని వీర్యాన్ని ఒక మూటగా కట్టి అందిస్తుంది. చెదలు ఆ కొక్కేలనూ వదిలేశాయి, మూటనూ వదిలేశాయి.

కీటకాల్లో జాతులను వేరుచేయడానికి శాస్త్రవేత్తలు మొదట చూసేది మగదాని జననాంగాలే. బయటికి ఒకేలా కనబడే రెండు పేడపురుగులు, రెండు రెక్కల పురుగులు ఆ ఒక్క భాగంలో తేలిపోతాయి. చెదల శాస్త్రవేత్తకు ఆ దారి లేదు. అందుకే సైనిక చెద తల, దాని దవడల ఆకారం చూసి జాతి చెబుతారు. మన దేశపు చెదల మీద ఏళ్ల తరబడి పనిచేసిన మిథన్ లాల్ రూన్‌వాల్ పుస్తకాలు తిరగేస్తే పేజీల కొద్దీ సైనికుల తలల బొమ్మలే. పిల్లలు కనని, కనలేని సైనికుణ్ణి చూసి వంశం గుర్తుపట్టవలసి రావడం తమాషాగానే ఉంటుంది.

అవయవం మాటేమో గానీ శుక్రకణం కథ ఇంకా ముదిరింది. శుక్రకణం అనగానే తలా తోకా ఉండి ఈదే రూపం మన మనసులో మెదులుతుంది. ఇప్పటిదాకా చూసిన చెదల్లో ఎక్కువ జాతుల శుక్రకణానికి తోక లేదు. గుండ్రంగానో, ఆకారం లేకుండానో ఉండే ఒక చిన్న ముద్ద. అది ఈదదు, కదలదు. దీనికి పూర్తి ఎదురు కొసన మళ్లీ ఆ ఆస్ట్రేలియా చెదే ఉంది. 1978లో ఇటలీ శాస్త్రవేత్తలు బాచెత్తి, దల్లాయి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద చూస్తే మాస్టోటెర్మిస్ శుక్రకణానికి సుమారు 100 తోకలు కనిపించాయి.

తోక ఎందుకు పోయింది? పరిశోధకులు చెప్పే కారణం ఒకే రాజు, ఒకే రాణి అన్న ఏర్పాటు. అనేక మగవాటితో కలిసే ఆడదాని ఒంట్లో వేర్వేరు మగవాటి శుక్రకణాల మధ్య పరుగుపందెం నడుస్తుంది. ముందు చేరినది గెలుస్తుంది. అందుకే తోక, వేగం, ముందువాడి వీర్యాన్ని తోసేసే కొక్కేలు, అన్నీ తరతరాలుగా పదునెక్కుతాయి. చెదల గదిలో పోటీకి రెండో మగవాడు లేడు. పోటీ లేనిచోట తోక కోసం ఖర్చు పెట్టే మగవాడికి దక్కేది ఏమీ లేదు. ఒకసారి దాచుకున్న వీర్యం అయిపోతుందన్న చింతా లేదు, రాజు పక్కనే ఉన్నాడు, అప్పుడప్పుడు మళ్లీ కలుస్తాడు. తేనెటీగ మగవాడు జీవితంలో ఒక్కసారి దొరికే అవకాశం కోసం తన ఒళ్లంతా పెట్టుబడి పెడితే, చెద మగవాడు ఏళ్ల తరబడి పక్కన కూర్చోవడంలో పెట్టాడు. నాకైతే ఈ రెండో బేరమే గిట్టుబాటు అనిపిస్తుంది.

ఈదలేని కణాన్ని చేరవేసే పని ఇక ఆడదాని ఒంటిదే. మూత పలక కింద ఉన్న ఆ గది నిర్మాణం చూస్తే ఆ పని ఎలా తేలికైందో తెలుస్తుంది. గుడ్డు వచ్చే నాళం ఏడో ఖండంలో తెరుచుకుంటుంది. వీర్యం దాచుకునే సంచి, పుస్తకాల భాషలో శుక్రగ్రాహిక, దాని వెనకే ఎనిమిదో ఖండంలో తెరుచుకుంటుంది. తొమ్మిదో దాంట్లో అనుబంధ గ్రంథుల నాళం. అంటే కిందికి దిగే ప్రతి గుడ్డూ బయటపడే ముందు ఆ సంచి నోటి ముందు నుంచే పోవాలి. గుడ్డు పెంకుకు కంటికి ఆనని రంధ్రాలుంటాయి, శుక్రకణం లోపలికి పోయేది వాటి గుండానే. చివరి గ్రంథులు బొద్దింకల్లో గుడ్లన్నిటినీ ఒకే పెట్టెలో అతికించే జిగురు చేస్తాయి. చెదల్లో ఒక్క మాస్టోటెర్మిస్ మాత్రమే ఇప్పటికీ గుడ్లను అలా గుత్తిగా పెడుతుంది. మిగతావన్నీ విడివిడిగానే.

తేనెటీగల రాణికి ఒక్కో అండాశయంలో 150 పైచిలుకు అండనాళికలుంటాయి. పెద్ద పుట్టలు పెట్టే చెదల రాణిలో అవి వేలల్లోకి పోతాయి. అవన్నీ పట్టడానికి పొట్ట సాగాలి. పొట్ట మీది గట్టి పలకలు పెరగలేవు, వాటి మధ్యనున్న మెత్తటి పొరే సాగుతూ పోతుంది. ఏళ్లు గడిచిన రాణిని చూస్తే గంజి పెట్టిన తెల్ల నూలు చుట్టిన కండె మీద అక్కడక్కడా గోధుమరంగు దారం ముక్క అంటుకున్నట్టుంటుంది. ఆ ముక్కలే ఆమె ఉసిలిగా ఎగిరినప్పటి పలకలు. తల, కాళ్లు అప్పటివే, అంతే చిన్నవి. రాజు కూడా కొంత పెరుగుతాడు గానీ రాణి పక్కన కనబడీ కనబడనట్టే ఉంటాడు. దక్కన్ నేలల్లో తరచుగా ఎదురయ్యే ఓడోంటోటెర్మిస్ ఒబెసస్ పుట్టను తవ్వినవాళ్లు గట్టి మట్టితో కట్టిన గదిలో ఈ ఇద్దరినీ పక్కపక్కనే చూస్తారు. ఆ గదికి పనివాళ్లు పట్టే రంధ్రాలే తప్ప రాణి బయటికి పోయే దారి ఉండదు.

చీమలు పుట్ట పెడితే పాము చేరిందని మనం తేలిగ్గా అనేస్తాం గానీ, నాగుల పంచమికి మనం పాలు పోసే ఆ పుట్ట పెట్టింది ఈ జంట సంతానమే. అందులో పనివాళ్లు ఆడవీ ఉంటాయి, మగవీ ఉంటాయి. చీమల్లో పనివన్నీ ఆడవే.

ఈ రాజారాణుల సంగతి మొదట రాతకెక్కించిన వాళ్లలో ఒకరికి తెలుగు నేలతో సంబంధం ఉంది. లినీయస్ శిష్యుడు యోహాన్ గెరార్డ్ కోనిగ్ తరంగంబాడి డేనిష్ స్థావరానికి వైద్యుడిగా వచ్చి, దక్షిణాది చెదల మీద 1779లో వ్యాసం రాశాడు. ఈస్టిండియా కంపెనీ కొలువులోనూ పనిచేసి, 1785లో కాకినాడ జగన్నాథపురంలో చనిపోయాడు. అప్పుడు దగ్గర్లోని సామర్లకోటలో ఉన్న వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్ అతని మిత్రుడు. కోనిగ్ రాసిన రెండేళ్లకు హెన్రీ స్మీత్‌మన్ ఆఫ్రికా చెదల గురించి లండన్ రాయల్ సొసైటీకి రాస్తూ రాణి నిమిషానికి 60 గుడ్లు పెట్టడం చూశానని, ఆ లెక్కన రోజుకు 80 వేలకు పైనే అని తేల్చాడు. నిమిషం లెక్కను ఇరవై నాలుగు గంటలకు గుణించేశాడు. రెండున్నర శతాబ్దాలుగా ఆ అంకె పుస్తకం నుంచి పుస్తకానికి నడుస్తూనే ఉంది. రాణి ప్రతి నిమిషమూ అదే ఊపులో పెడుతుందని నమ్మనక్కర్లేదు, రోజుకు వేలల్లో అనుకుంటే చాలు.

ఇంత పొందికైన కాపురంలో కూడా రాణి రాజును దాటేసే మార్గం ఒకటి పెట్టుకుంది. జపాన్‌లో రెటిక్యులిటెర్మిస్ స్పెరాటస్ అనే చెద మీద కెంజి మత్సూరా బృందం 2009లో ఒక పత్రం వెలువరించింది. ముసలి రాణి పనివాళ్లను, ఉసిళ్లను రాజు వీర్యంతోనే కంటుంది. తన తర్వాత రాణులు కావలసిన కూతుళ్లను మాత్రం వీర్యం లేకుండా, పూర్తిగా తన జన్యువులతోనే కంటుంది. సంచిలో వీర్యం నిండా ఉండగా గుడ్డు దాన్ని తప్పించుకునేదెలా? 2014లో యాషిరో, మత్సూరా జవాబు చెప్పారు. వయసు మీరిన రాణి పెట్టే కొన్ని గుడ్ల పెంకు మీద ఆ సూక్ష్మ రంధ్రాలే ఉండవు. తలుపు లేని ఇంట్లోకి శుక్రకణం ఎలా పోతుంది? కొత్త రాణుల జన్యువులన్నీ తల్లివే గనుక పాత రాజు తన కూతుళ్లతో కలిసినట్టు కాదు, మళ్లీ అదే భార్యతో కలిసినట్టే.

2018లో అదే బృందం ఇంకో అడుగు ముందుకు వేసింది. జపాన్ దక్షిణ తీరాల్లో గ్లిప్టోటెర్మిస్ నకాజిమాయ్ కాలనీలు కొన్నిటిలో మగవి అసలు లేవు. రాజు లేడు, మగ పనివాళ్లు లేరు, రాణుల శుక్రగ్రాహికలు ఖాళీ. ఆ కాలనీల్లో సైనికుల వాటా తక్కువ, వాళ్ల తలల కొలతలూ దాదాపు ఒకేలా ఉన్నాయి. ఆడా మగా కలిసి ఉన్న కాలనీల్లో అవి అంత సరిసమానంగా ఉండవు.

షోలాపూర్ గల్లీకి ఇందులో పనికొచ్చేది ఏమిటంటే, దీపం దగ్గరికి వచ్చిన ఉసిళ్లను చూసి గాభరా పడనక్కర్లేదు. అవి గుడ్డ తినవు, నూలు కొరకవు, ఆ రాత్రికి వాటికి తిండి ధ్యాసే లేదు. రెక్కలు ఎక్కడ రాలాయన్నదే చూసుకోవాలి. గడప బయట, వీధి దీపం కింద కుప్పగా ఉంటే అవి ఎక్కడి పుట్టవో. తలుపు మూసిన గదిలో గోడవారన, చట్రం మూలన కుప్పగా ఉంటే మాత్రం గూడు ఇంట్లోనే ఉందని అర్థం. అక్కడ పెస్ట్ కంట్రోల్ మనిషి మట్టి బాటల మీద మందు కొట్టి పనివాళ్లను చంపితే రాణి వాళ్లను మళ్లీ నింపేస్తుంది. రాణిని చంపితే సరిపోతుందా అంటే, బయటి పుట్టల చెదకు అది చాలావరకు నిజం. ఇళ్లలో దూలాలు తినే హెటెరోటెర్మిస్, కోప్టోటెర్మిస్ లాంటి వాటికి ఆ సూత్రం చెల్లదు. వాటిలో రాజు గానీ రాణి గానీ పోతే, ఇంకా పెద్దవి కాని పిల్లలే జననాంగాలు పండించుకుని ఆ స్థానంలోకి వస్తాయి. వాటికి రెక్కలు రావు, అవి ఎప్పుడూ ఎగరవు, దీపం దగ్గరికి ఒక్కసారి కూడా రావు. అదే గోడలో, అదే దూలంలో తోబుట్టువులతోనే జతకడతాయి. అలాంటి ఇంట్లో మిర్గంలో ఒక్క ఉసిలి కనబడకపోయినా, ఏటా ఒకసారి చట్రాన్ని కట్టెతో తట్టి చూసుకోవడం మంచిది. బోలుగా మోగితే లోపల కాపురం నడుస్తున్నట్టే.